సున్నపు బట్టీ పొగతో మెథనాల్ చేయమంటున్నారు, నమ్మవచ్చా?

పల్నాటి_సున్నం
పిడుగురాళ్ల దగ్గర మాకు రెండు నిలువు బట్టీలు ఉన్నాయి. మా నాన్నగారి కాలం నుంచీ రాయి, బొగ్గు పొరలు పొరలుగా వేసి కాలుస్తున్నాము. రెండూ కలిపి రోజుకు ఇరవై టన్నుల దాకా సున్నం దిగుతుంది. పోయిన నెల ఒక సలహా సంస్థ ప్రతినిధి వచ్చి, పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి మెథనాల్ అనే, ఇంధనంగానూ రసాయనాల తయారీకీ వాడే ఆల్కహాల్‌గా మార్చే యూనిట్ పెట్టుకుంటే సున్నం మీద కంటే దాని మీదే ఎక్కువ ఆదాయం వస్తుందని చెప్పారు. బ్యాంకు రుణానికి కాగితాలు కూడా సిద్ధం చేసుకునే వచ్చారు. పొగ గురించి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పడే బాధ నాకు తెలుసు కనుక ఏదో ఒకటి చేయాలన్న కోరిక నాకు నిజంగానే ఉంది. అయితే ఇల్లు తాకట్టు పెట్టే ముందు, ఈ విషయం తెలిసినవారు ఉన్నదున్నట్టు చెప్పాలని కోరుతున్నాను.

కెమిస్ట్రీ_మాస్టారు
సంతకం పెట్టకండి. ముందు లెక్క చూద్దాము. సున్నపురాయి సుమారు 900 డిగ్రీల వేడిలో విడిపోయినప్పుడు 56 కిలోల సున్నంతో పాటు 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అంటే టన్ను సున్నానికి 785 కిలోలు రాయి లోపలి నుంచే వస్తాయి. టన్నుకు 200 కిలోల బొగ్గు వాడుతున్నారని, అందులో అరవై శాతం కార్బన్ అని అనుకుంటే, ఇంకో 440 కిలోలు కలుస్తాయి. మీ రెండు బట్టీలదీ కలిపితే రోజుకు దాదాపు 24 టన్నులు అవుతుంది.

ఇంత వాయువు ఉన్నా, అందులో శక్తి ఏమీ లేదు. కార్బన్ పూర్తిగా కాలిపోయాక మిగిలిన బూడిద లాంటిది అది. బూడిదను మళ్లీ కట్టెగా మార్చాలంటే, కాలినప్పుడు పోయిన వేడిని అంతా తిరిగి పెట్టాలి, ఇంకొంత అదనంగా కూడా పెట్టాలి. మెథనాల్ తయారీలో ఆ శక్తిని హైడ్రోజన్ రూపంలో ఇస్తారు. ఒక టన్ను మెథనాల్‌కు 1.375 టన్నుల కార్బన్ డయాక్సైడ్, సుమారు 190 కిలోల హైడ్రోజన్ కావాలి. మీ 24 టన్నుల వాయువు నుంచి పదిహేడున్నర టన్నుల మెథనాల్ రావాలంటే రోజుకు 3.3 టన్నుల హైడ్రోజన్ ఉండాలి. నీటిని విద్యుత్తుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా ఖర్చవుతుంది. అంటే రోజుకు లక్షా డెబ్బై వేల యూనిట్లు, రాత్రింబగళ్లు ఆగకుండా ఏడు మెగావాట్లు. యూనిట్ ఏడు రూపాయలకు దొరికినా రోజుకు పన్నెండు లక్షల కరెంటు బిల్లు వస్తుంది. పదిహేడున్నర టన్నుల మెథనాల్‌ను మార్కెట్లో అమ్మితే అంత డబ్బు రాదు.

పల్నాటి_సున్నం
హైడ్రోజన్ సంగతి తరువాత చూసుకోవచ్చని, ముందు పొగను పట్టే యూనిట్ పెడదామని ఆయన అన్నారు. మాస్టారూ, మీ లెక్క చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

నవతరం_ఇంజినీర్
మాస్టారి లెక్క సరైనదే కానీ, ఆ ముగింపుతో నేను ఏకీభవించను. ఐస్‌లాండ్‌లోని స్వార్ట్‌సెంగిలో 2012 నుంచే భూతాప విద్యుత్కేంద్రం వాయువుతో మెథనాల్ చేశారు. 1994లో నోబెల్ పొందిన జార్జ్ ఓలా పేరు ఆ ప్లాంటుకు పెట్టారు. ఏడాదికి నాలుగు వేల టన్నుల సామర్థ్యంతో నడిచిన ఆ పద్ధతినే చైనాలోని అన్యాంగ్‌లో 2022లో లక్షా పదివేల టన్నుల స్థాయికి పెంచారు. మన హైదరాబాదులో కూడా బి.హెచ్.ఇ.ఎల్. వాళ్లు 2021లో మెథనాల్ తీసి చూపించారు. సాధ్యం కాదనడం తేలికే. అలా అంటూ కూర్చుంటే ఏ కొత్త పరిశ్రమా పుట్టదు.

కెమిస్ట్రీ_మాస్టారు
సాధ్యం కాదని నేను అనలేదు, ఈ బట్టీ యజమానికి గిట్టుబాటు కాదన్నాను. ఒక పొరపాటు కూడా సరిదిద్దాలి. హైదరాబాదులో చేసినది పొగ నుంచి పట్టిన కార్బన్‌తో కాదు. బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గును గ్యాసుగా మార్చి, ఆ గ్యాసుతో రోజుకు పావు టన్ను మెథనాల్ తీశారు. అది మంచి పనే, కానీ ఇక్కడి ప్రశ్నకు జవాబు కాదు. ఇక ఐస్‌లాండ్ సంగతి: అక్కడ కరెంటు భూమి వేడి నుంచి, జలపాతాల నుంచి వస్తుంది. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ వెనుక సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. లక్షా డెబ్బై వేల యూనిట్లను గ్రిడ్ నుంచి తీసుకుంటే, పిడుగురాళ్లలో 24 టన్నులు పట్టడానికి ఇంకెక్కడో 119 టన్నులు వదిలినట్టవుతుంది.

నవతరం_ఇంజినీర్
119 టన్నుల లెక్క నేను ఎప్పుడూ వేసి చూడలేదు. సౌర విద్యుత్తుతో హైడ్రోజన్ చౌక అయిన నాడు నా మాట నిలుస్తుంది, ఈనాటికి మీ మాటే సరి. చైనా ప్లాంటుకు కూడా హైడ్రోజన్ పక్కనున్న, బొగ్గును కోక్‌గా మార్చే బట్టీల గ్యాసు నుంచి వస్తుందని చెప్పి ఉండవలసింది.

పాత_ఆపరేటర్
ఎరువుల కర్మాగారాల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. పొగ నుంచి కార్బన్ పట్టి ముడిసరుకుగా వాడడం మన తీరానికి కొత్త కాదు. కాకినాడలోని నాగార్జున ఫెర్టిలైజర్స్‌లో 2009లోనే రిఫార్మర్ (సహజ వాయువు నుంచి హైడ్రోజన్ తీసే కొలిమి) పొగ నుంచి రోజుకు 450 టన్నుల దాకా పట్టి యూరియాలో వాడే యూనిట్ పెట్టారు. జపాన్‌కు చెందిన మిత్సుబిషి వాళ్ల ద్రావణంతో అది నడిచేది. సహజ వాయువుతో అమ్మోనియా చేసేటప్పుడు అమ్మోనియా కాస్త మిగులుతుంది, కార్బన్ డయాక్సైడ్ కాస్త తక్కువ పడుతుంది. ఆ లోటును చిమ్నీ నుంచి తెచ్చి పూడ్చారు. అవసరం పక్కనే ఉంది, పైపు పొడవు చాలా తక్కువ, కొనేవాడూ అమ్మేవాడూ ఒకే కంపెనీ. అందుకే అది నడిచింది.

పని జరిగే తీరు తెలిస్తే మీ సలహాదారును ఏమి అడగాలో తెలుస్తుంది. పొగను చల్లబరిచి, కడిగి, ఒక పొడవాటి టవర్‌లో కింది నుంచి పైకి పంపుతారు. పై నుంచి అమీన్ ద్రావణం కారుతూ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. ఆ ద్రావణాన్ని రెండో టవర్‌లో 120 డిగ్రీల దాకా వేడి చేస్తే పట్టుకున్నదంతా వదిలేస్తుంది. ఈ వేడి చేయడంలోనే డబ్బంతా కరిగిపోతుంది. మామూలు అమీన్ అయితే టన్ను వాయువుకు టన్నున్నర ఆవిరి పడుతుంది. మీ 24 టన్నులకు రోజుకు 36 టన్నుల ఆవిరి కావాలి. మీ దగ్గర బాయిలర్ ఉందా?

పల్నాటి_సున్నం
లేదు. ఆవిరి మాటే ఆయన ఎత్తలేదు.

పాత_ఆపరేటర్
అనుకున్నాను. ఇంకొకటి కూడా చెప్పాలి. గ్యాసు పొగ శుభ్రంగా ఉంటుంది, బొగ్గు పొగ అలా కాదు. నేను కొంతకాలం చేసిన ఇంకొక చోట బొగ్గు బాయిలర్ పొగ మీద ఇదే పద్ధతిని ప్రయత్నించారు. గంధకం, సన్నని బూడిద కలిసి ద్రావణం నల్లబడి, నురగలు కక్కి, టవర్ పైనుంచి బయటికి పొంగింది. మూడు నెలల్లో ద్రావణం మొత్తం పారబోసి కొత్తది నింపవలసి వచ్చింది. పొగను కడగడానికి ఇంకో టవర్ ఉండాలని ముందే చెప్పిన కుర్రవాడి మాట ఎవరూ వినలేదు. ఆ కుర్రవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అన్నదాత_నల్గొండ
అయితే మేము పొలంలో చల్లే యూరియాలో ఉన్నది ఆ వాయువేనా? మా బస్తాలో ఎంత ఉంటుంది?

పాత_ఆపరేటర్
45 కిలోల బస్తా చేయడానికి 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. ప్రపంచంలో ఈ వాయువును అన్నిటికంటే ఎక్కువగా వాడుకునే సరుకు యూరియాయే. ఏడాదికి 13 కోట్ల టన్నుల దాకా దానికే పోతుంది.

అన్నదాత_నల్గొండ
మరి పొలంలో చల్లాక ఆ 33 కిలోలు ఏమవుతాయి? పంట తీసుకుంటుందా?

కెమిస్ట్రీ_మాస్టారు
పంటకు కావలసింది అందులోని నత్రజని. మట్టిలోని యూరియేజ్ అనే ఎంజైము కొద్ది రోజుల్లోనే యూరియాను విడగొట్టేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ తిరిగి గాలిలో కలుస్తుంది. ఫ్యాక్టరీ దగ్గర పట్టిన దాన్ని పొలం దగ్గర వదిలామన్నమాట. ముడిసరుకుగా వాడుకోవడం, గాలిలో చేరకుండా ఆపడం ఒకటే అన్నట్టు చాలామంది రాస్తున్నారు కనుక ఈ తేడాను నేను తరగతిలో ప్రతి ఏడాదీ చెబుతాను.

నవతరం_ఇంజినీర్
అయినా యూరియా సంగతిని అక్కడితో వదిలేయలేము. కాకినాడలో ఆ పాత యూరియా ప్రాంగణంలోనే ఇప్పుడు హరిత అమ్మోనియా ప్రాజెక్టు వస్తోంది. నీటి నుంచి తీసిన హైడ్రోజన్‌తో అమ్మోనియా చేస్తే, సహజ వాయువు ఉండదు కనుక దానితో పాటు పుట్టే కార్బన్ డయాక్సైడ్ కూడా ఉండదు. రేపు అలాంటి అమ్మోనియాతో యూరియా చేయాలంటే కార్బన్‌ను ఎక్కడినుంచో పట్టి తేక తప్పదు. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన హైడ్రోజన్ హబ్ ప్రణాళికలో మెథనాల్, యూరియా రెండూ ఉన్నాయి. అంత హైడ్రోజన్ ఉన్నచోట పట్టిన కార్బన్‌కు గిరాకీ తప్పకుండా పుడుతుంది.

పల్నాటి_సున్నం
పూడిమడకకు పిడుగురాళ్ల నుంచి ట్యాంకర్లలో పంపగలమా?

డిస్టిలరీ_సూపర్‌వైజర్
ఆ ఆశ పెట్టుకోకండి. నేను ధాన్యంతో ఇథనాల్ చేసే ప్లాంటులో పనిచేస్తున్నాను. చక్కెర పులిసినప్పుడు ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్ దాదాపు సమాన బరువుల్లో వస్తాయి. రోజుకు 60 కిలోలీటర్ల ప్లాంటులో 45 టన్నుల వాయువు పుడుతుంది, అది కూడా దాదాపు స్వచ్ఛంగా. నీటితో కడిగి, కార్బన్ పొడి గుండా పంపి, నొక్కి ద్రవంగా మార్చి శీతల పానీయాలకు, డ్రై ఐస్‌కు అమ్ముతాము. కొనేవాళ్లు చాలని రోజుల్లో గాలిలోకే వదులుతాము. ఇంత శుభ్రమైన వాయువే మిగిలిపోతుంటే, సగానికి పైగా నత్రజని కలిసిన బట్టీ పొగను శుద్ధి చేసి ట్యాంకర్‌లో నింపి పోటీపడడం మీ వల్ల కాదు. పైగా మా వాయువు ఆ ఏటి పంట గాలి నుంచి పీల్చుకున్నదే, మీది రాయిలోంచి, బొగ్గులోంచి వచ్చేది.

ఆఖెన్_నుంచి
ఆ చివరి మాట యూరప్‌లో చట్టంగానే మారింది. ఇక్కడ 2023లో వచ్చిన నియమాల ప్రకారం, పునరుత్పాదక హైడ్రోజన్‌తో చేసే ఇంధనాల్లో పరిశ్రమల శిలాజ కార్బన్ వాడకాన్ని 2040 చివరి వరకే లెక్కలోకి తీసుకుంటారు, విద్యుత్కేంద్రాల కార్బన్ అయితే 2035 వరకే. ఎగుమతి ఆశ చూపించి అప్పు ఇప్పిస్తామనేవారిని ఈ గడువు గురించి తప్పక అడగాలి.

నేను ఉత్ప్రేరకాల మీద పరిశోధన చేస్తున్నాను. హైడ్రోజన్ అక్కరలేని దారి కూడా ఉంది. జర్మనీలోని డోర్మాగెన్‌లో కోవెస్ట్రో కంపెనీ 2016 నుంచి పరుపుల ఫోమ్‌కు కావలసిన పాలియోల్ అనే ముడిపదార్థంలో ఇరవై శాతం దాకా కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుతోంది. దానితో జత కట్టేది ఎపాక్సైడ్ అనే అణువు. అది లాగి పట్టిన విల్లులా తనలోనే శక్తిని దాచుకుని ఉంటుంది కనుక బయటి నుంచి పెద్దగా శక్తి ఇవ్వనక్కరలేదు. తైవాన్‌లో 2002లో అసాహీ కాసే పద్ధతితో మొదలైన పాలీకార్బొనేట్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) ప్లాంటులో కూడా ఇలాగే చేసి, ఫాస్‌జీన్ అనే విషవాయువు వాడకాన్ని పూర్తిగా తప్పించారు. భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ తయారీకి వాడిన ఫాస్‌జీన్ అదే. కార్బన్ లెక్కతో సంబంధం లేకుండా, ఆ ఒక్క కారణానికే ఈ పద్ధతి నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది.

మాత్రల_మనిషి
మా మందుల రంగంలో ఇది మరీ పాత సంగతి. ఆస్పిరిన్‌కు మూలమైన సాలిసిలిక్ ఆమ్లాన్ని సోడియం ఫినాక్సైడ్ మీద కార్బన్ డయాక్సైడ్‌ను ఒత్తిడితో పంపి తయారుచేస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో కోల్బే కనిపెట్టిన పద్ధతి అది. ఆ ఆమ్లం బరువులో దాదాపు మూడో వంతు ఈ వాయువే. అయితే ప్రపంచానికంతటికీ కావలసిన ఆస్పిరిన్ చేసినా, ఒక పెద్ద థర్మల్ కేంద్రం వదిలే పొగతో పోలిస్తే అది చిటికెడే.

ఉక్కునగరం
ఇంతమంది ఇన్ని దూరదేశాల సంగతులు చెప్పారు కానీ, సున్నం బట్టీ ఆయనకు జత ఆయన చేతిలోనే ఉంది. కార్బన్ డయాక్సైడ్‌తో సున్నం తానే కలుస్తుంది, వేడి పెట్టనక్కరలేదు, వేడి తానే ఇస్తుంది. బడిలో సున్నపుతేటలోకి ఊదితే పాలలా మారడం అందరూ చూసినదే. దాన్నే పెద్దగా చేస్తే అవక్షేప కాల్షియం కార్బొనేట్ అనే మెత్తని తెల్ల పొడి వస్తుంది. కాగితం, రంగులు, పీవీసీ పైపులు, టూత్‌పేస్టు, కాల్షియం మాత్రలు, అన్నిటికీ అది కావాలి.

క్లింకర్
అందులో పర్యావరణానికి మేలు ఏముంది? రాయిని కాల్చి వాయువును తీసి, అదే వాయువును మళ్లీ అదే సున్నంలో కలిపి రాయిని చేస్తే, రాయిలోంచి పోయినది రాయిలోకి వచ్చింది, బొగ్గు పొగ మాత్రం మిగిలిపోయింది. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడిగా చెబుతున్నాను, మా పొగలో అరవై శాతం ఇలా రాయిలోంచి వచ్చేదే. ఈ లెక్క మేము రోజూ చూస్తాము.

ఉక్కునగరం
క్లింకర్ గారి ఆక్షేపణ న్యాయమైనది. సొంత సున్నంతో చేస్తే అది వ్యాపారం మాత్రమే. అయినా తప్పు లేదు, ఆ సరుకు ఎలాగూ ఎవరో ఒకరు చేయవలసిందే. కాల్షియం వేరే వ్యర్థం నుంచి వస్తేనే కార్బన్ లెక్క మారుతుంది. ఉక్కు తయారీలో మిగిలే స్లాగ్ అనే చిట్టెంలో విడి సున్నం ఉంటుంది. రోడ్డు కింద వేస్తే తేమకు ఉబ్బి పగులుతుందని భయపడే ఆ స్లాగ్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో ముందే స్థిరపరచవచ్చు. మీకు దగ్గరలో దొరికేది కార్బైడ్ మడ్డి. వెల్డింగుకు ఎసిటిలీన్ గ్యాసు నింపే చోట్ల కాల్షియం కార్బైడ్ మీద నీళ్లు పోయగా మిగిలే తడి సున్నం అది. గుంతల్లో పడి ఉంటుంది, తీసుకుపోతే చాలని అనేవాళ్లు ఉన్నారు. పొడి లెక్కలో దాని ప్రతి టన్నూ దాదాపు 600 కిలోల వాయువును శాశ్వతంగా పట్టుకుంటుంది.

క్లింకర్
ఈ మాట ఒప్పుకుంటాను. కాంక్రీటు దిమ్మెలను కూడా ఈ వాయువులో క్యూరింగ్ చేయవచ్చు, త్వరగా గట్టిపడతాయి. అయితే లోపల ఇనుప కడ్డీ ఉన్న వాటికి చేయకూడదు. క్షారగుణం తగ్గితే కడ్డీ తుప్పు పడుతుంది.

పల్నాటి_సున్నం
ఒక్క సందేహం ఉంది. తెల్ల పొడి చేయాలంటే కూడా ఆ అమీన్ టవర్లు, ఆవిరి అన్నీ కావాలా?

పాత_ఆపరేటర్
అక్కరలేదు, మీకు కలిసివచ్చేది అదే. సున్నపు పాలకు, అంటే నీళ్లలో కలిపిన సున్నానికి, స్వచ్ఛమైన వాయువు అవసరం లేదు, ఇరవై శాతం ఉన్న పొగ కూడా చాలు. గాజు, సబ్బుల తయారీకి వాడే సోడా యాష్ ఫ్యాక్టరీల్లో నూట యాభై ఏళ్లుగా బట్టీ వాయువును కడిగి నేరుగా వాడుతున్నారు. తూత్తుకుడిలోని సోడా యాష్ ఫ్యాక్టరీలో 2016లో బొగ్గు బాయిలర్ పొగ నుంచి ఏడాదికి 60 వేల టన్నులు పట్టే యూనిట్ పెట్టినప్పుడు కూడా ఆలోచన ఇదే: కొనవలసిన వాయువు తమ చిమ్నీలోనే దొరకాలి.

మీ బట్టీల పైభాగం తెరిచి ఉంటుంది కదా, గాలి కలిసి పొగ పలచబడుతుంది. మూత, పక్కన పీల్చే ఫ్యాను పెడితే చిక్కబడుతుంది. కానీ ఒక హెచ్చరిక: గాలి తగ్గితే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దానికి వాసన ఉండదు, మనిషి నిలబడినచోటే కూలిపోతాడు. డయాక్సైడ్, మోనాక్సైడ్ రెండింటినీ కొలవకుండా మూత వేయకండి. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది కనుక సున్నం దించే గుంతలో నిలుస్తుంది, అక్కడికి ఒంటరిగా ఎవరినీ పంపకండి. నా దగ్గర పొగలోని వాయువులను కొలిచే పాత ఆర్సాట్ పరికరం ఉంది, పంపిస్తాను.

కెమిస్ట్రీ_మాస్టారు
సున్నం పాలను జల్లెడ పట్టి, ఇసుక తీసి, చల్లార్చి, కడిగిన పొగను బుడగలుగా పంపండి. ఒక చుక్క ఫినాఫ్తలీన్ వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఆ రంగు రావడం ఆగిపోతే సున్నం అయిపోయినట్టు. స్ఫటికం ఆకారం వేడిని బట్టి మారుతుంది, అందుకే ప్రతిసారీ ఉష్ణోగ్రత రాసిపెట్టుకోండి. మీ రాయిలో సిలికా, ఇనుము ఎంత ఉన్నాయో ముందే పరీక్ష చేయించండి. ఇనుము ఉంటే పొడి పసుపు తిరుగుతుంది. వడకట్టిన ముద్దలో సగం నీరే ఉంటుంది. దాన్ని ఆరబెట్టే ఖర్చు లెక్కలో వేసుకోకుండా ఎవరికీ ధర చెప్పవద్దు.

ఉక్కునగరం
కార్బైడ్ మడ్డి మాత్రం బూడిదరంగులో ఉంటుంది, వెల్లుల్లి వంటి వాసన వేస్తుంది. అందులోని ఫాస్ఫీన్ విషం కనుక ఆరుబయటే కలపాలి. అది తెల్ల పొడికి పనికిరాదు, ఇటుకలకు, దిమ్మెలకు పనికివస్తుంది.

పల్నాటి_సున్నం
అందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని సలహా సంస్థ ప్రతినిధికి ఫోన్ చేశాను. హైడ్రోజన్ ఎవరు ఇస్తారు, ఆవిరి ఎక్కడిది, గంధకం ఎలా తీస్తారు, ఈ మూడు ప్రశ్నలకు ఆయన మళ్లీ చేస్తానన్నారు. ఇంకా చేయలేదు. రుణం కాగితాలు వెనక్కి ఇచ్చేశాను.

పల్నాటి_సున్నం
మూడు వారాలు గడిచాయి కనుక జరిగినది రాస్తున్నాను. పాత ఆపరేటర్ గారు పంపిన పరికరంతో కొలిస్తే తెరిచి ఉన్న బట్టీ మీద కార్బన్ డయాక్సైడ్ 11 శాతం తేలింది. రేకు మూత, ఫ్యాను పెట్టాక 21కి పెరిగింది. మోనాక్సైడ్ కూడా కాస్త పెరిగినందువల్ల ఫ్యాను గొట్టాన్ని మనుషులు తిరిగే వైపు నుంచి మార్చాము. రెండు క్వారీల రాయి పరీక్షకు పంపితే ఒకదానిలో ఇనుము ఎక్కువని వచ్చింది. రెండోదాని సున్నంతో రెండు వందల లీటర్ల డ్రమ్ములో నాలుగు సార్లు చేశాము. మూడు గంటల లోపే గులాబీ రంగు పోయింది. చేతిలోకి తీసుకుంటే పొడి గంధంలా మెత్తగా ఉంది. నమూనాలు పంపితే రంగుల కంపెనీ వాళ్లు తెల్లదనం చాలదన్నారు. పైపుల తయారీదారు మాత్రం స్టియరిక్ ఆమ్లం (మైనం లాంటి కొవ్వు ఆమ్లం) పూత వేసి ఇంకో యాభై కిలోలు పంపమన్నారు. ఆ పూత తడి ముద్ద మీద వేయాలా, ఆరిన పొడి మీద వేయాలా?

కెమిస్ట్రీ_మాస్టారు
రెండు విధాలా వేస్తారు. తడిలో అయితే స్టియరిక్ ఆమ్లాన్ని సబ్బుగా మార్చి వేడి ముద్దలో కలపాలి, పూత సమంగా పడుతుంది. మీ దగ్గర ఉన్న వసతితో ముందు ఆరిన పొడి మీద, నూటికి రెండు పాళ్లు, కరిగేంత వేడిలో కలిపి చూడండి. పూత పడిన పొడిని నీళ్లలో వేస్తే మునగకుండా తేలాలి. తేలిన రోజున ఇక్కడ రాయండి.